భయపడొద్దని రాసిన కాగితం

ఆమె ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు, నల్లకోటు వేసుకోలేదు. అయినా ఆ ఫిజియోథెరపీ సెంటర్లో అందరికీ ఆమె ప్లీడరమ్మే. నడుంనొప్పి అని వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఫైలు తెరిచి, కళ్లజోడు ముక్కు మీదకి జార్చి ఆమె మొదలుపెట్టిందంటే, వచ్చినవాడికి తాను రోగో ముద్దాయో కాసేపు అంతుపట్టేది కాదు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, చెవిలోపల యంత్రం అమర్చారా, ఇన్సులిన్ పంపు ఉందా, మూర్ఛలు వస్తాయా, గర్భమా, ఎక్కడైనా రక్తం కారుతోందా, క్యాన్సర్‌కి వైద్యం జరుగుతోందా... అలా మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. ఊపిరి తీసుకోకుండా ఒక్క నిమిషంలో అడిగేసేది. ఆమె భర్త ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మనిషి. బయట ఫీజు లేని వకీలు, ఇంట్లో వాయిదాల్లేని కోర్టు అని పక్కింటివాళ్లతో చెప్పుకుని నవ్వేవాడు.

ఆ ప్రశ్నలన్నీ ఒక పరుపు కోసం. చూడడానికి వ్యాయామం చేసేవాళ్లు నేల మీద పరుచుకునే చాపలాగే ఉంటుంది గానీ లోపల రాగితీగ చుట్టలుంటాయి. పక్కనే చిన్న పెట్టె. మీట నొక్కితే ఆ చుట్టల్లోకి కరెంటు ఆగి ఆగి వెళుతుంది, దాంతోపాటే అయస్కాంత శక్తి పుట్టి పోతుంటుంది. పడుకున్న మనిషికి పెద్దగా ఏమీ తెలియదు. టిక్, టిక్ మని సన్నటి చప్పుడు వినిపిస్తుంది, అంతే.

ఆ చప్పుడంటే ఆమెకు గురి. ఒకప్పుడు ఆమె బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టేది. తడి మెట్ల మీద జారి ఎడమకాలి ఎముక విరిగితే ఎనిమిది నెలలైనా అతకలేదు. అప్పుడు ఎముకల డాక్టరు ఇలాంటిదే ఒక చుట్ట కాలికి కట్టించాడు. రోజూ గంటల తరబడి, నెలల పాటు కట్టుకుంది. ఎముక అతికింది. దానివల్లే అతికిందో, అతకాల్సిన కాలం వచ్చి అతికిందో ఆ డాక్టరు కూడా ఒట్టేసి చెప్పలేదు. ఆమె మాత్రం ఒట్టేసి చెప్పేది. కాలు కాస్త ఈడ్చి నడిచేది గానీ నోరు మాత్రం ఎక్కడా కుంటేది కాదు.

అలాగని గుడ్డి నమ్మకం కాదు. దీనితో అందరి నొప్పీ పోదనీ, కొందరికి మొదట్లో నొప్పి పెరుగుతుందనీ, తలనొప్పి, ఒళ్లు జివ్వుమనడం, కళ్లు తిరగడం, రాత్రి నిద్ర పట్టకపోవడం ఉంటాయనీ ఆమెకు తెలుసు. ఈ సెంటర్లో చేరినప్పటి నుంచి, పద్దెనిమిదేళ్లుగా చూస్తోంది. చిక్కల్లా ఇళ్లకు పంపే పరుపులతో వచ్చింది. నడవలేనివాళ్లకు, తీరిక లేనివాళ్లకు సెంటర్ వాళ్లు పరుపును పదిరోజులకు ఇంటికే ఇచ్చేవారు. ఇచ్చిన రెండో రోజే సగంమంది తిరిగి తెచ్చి పడేసేవారు. తల తిరుగుతోందమ్మా, ఇదేదో ప్రాణాల మీదకు తెచ్చేలా ఉందని గోల. చూసి చూసి విసుగెత్తి ఆమె తన గుండ్రటి చేతిరాతతో ఒక కాగితం రాసింది. మొదటి రెండు రోజులు కాస్త కళ్లు తిరగవచ్చు, ఒళ్లు జివ్వుమనవచ్చు, భయపడొద్దు. ముందుగా ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఫోను, వాచీ వేరే గదిలో పెట్టండి. అరగంట కదలకుండా పడుకోండి. మధ్యలో మానొద్దు. ఆ కాగితాన్ని ప్రతి పెట్టె మూత మీదా అతికించింది. పరుపులు వెనక్కి రావడం తగ్గింది. సెంటర్ డాక్టరు గారు కూడా మెచ్చుకున్నాడు.

భయపడొద్దన్న కాగితం అలా ఇళ్లకు వెళ్లేది. భయపడాల్సిన పద్నాలుగు ప్రశ్నల కాగితం సంతకం పెట్టించుకుని సెంటర్ బీరువాలో ఉండిపోయేది. ఇందులో తిరకాసు ఏముందో ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఆమెకైతే తట్టే అవకాశమే లేదు. తన చేతిలో ఒక్క పొరపాటు జరగలేదని ఆమెకు కొండంత ధీమా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆ మంగళవారం డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఒకమ్మాయి వచ్చింది. ముప్పయి అయిదేళ్లుంటాయి. రోజంతా నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు బిగబట్టి బిగబట్టి నడుం పట్టేసింది. బయట కారులో ఎవరో ఎదురుచూస్తున్నారు, చేతిలో తాళాలు ఆడుతున్నాయి. ప్లీడరమ్మ ప్రశ్నలు పరిగెత్తించింది, ఆ పిల్ల లేదు, లేదు, లేదంటూ ఇంకా వేగంగా పరిగెత్తింది. చివరి నాలుగు జవాబులూ ప్రశ్నకంటే ముందే వచ్చాయి. ప్లీడరమ్మకు అది కనిపించకపోలేదు. చురుకైన పిల్ల అని ముచ్చటపడింది కూడా. సంతకమైంది, పరుపు కారెక్కింది.

గురువారం పదకొండూ పదికి ఆ అమ్మాయి ఫోను చేసింది. రెండు పాఠాల మధ్య దొరికిన కాస్త వ్యవధిలో చేస్తున్నానంది. నడుం కొంచెం తేలికపడిందంది. తరవాత చిన్న సందేహం అంటూ మొదలుపెట్టింది.

"నేను పగలంతా ఇక్కడే ఉంటాను కదా అక్కా, పరుపు ఊరికే పడుంటోంది. నిన్న మా మామయ్య కూడా కాసేపు పడుకున్నారు. కళ్లు తిరిగాయట. మీరు రాసింది చదివి, అలాగే ఉంటుందట అని ఆయనే నాకు ధైర్యం చెప్పారు. ఇవాళ భుజం కింద వేసుకుంటానన్నారు. పెద్దాయన కదా, పెట్టె మీద మీట రెండో నంబరుకు పెట్టుకోవచ్చా అని అడుగుతున్నాను."

మామగారు టైపు మాస్టారు. ముప్పయ్యేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. కొడుకు ఓడలో ఉద్యోగం మీద ఆర్నెల్లు నీళ్ల మీదే ఉంటాడు కాబట్టి ఇంట్లో ఆ ఇద్దరే. ఇదంతా ఆ అమ్మాయి మంగళవారమే చెప్పింది. ప్లీడరమ్మ వినీ విననట్టు విన్నది. ఇప్పుడు అలవాటు కొద్దీ మొదటి ప్రశ్న దగ్గర మొదలుపెట్టింది. ఆయన గుండెలో పేస్‌మేకర్ లాంటిదేమైనా ఉందా అని.

"ఉందక్కా. పోయినేడాది పెట్టారు. ఎందుకూ?"

 ప్లీడరమ్మ నోటి దాకా వచ్చిన రెండో ప్రశ్న అక్కడే ఎండిపోయింది.

పేస్‌మేకర్ చేసే పని ఆమెకు బాగా తెలుసు. అది గుండె చప్పుడు వింటూ కూర్చుంటుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే నోరు మూసుకుంటుంది, కొట్టుకోవడం మరిస్తే ఒక్కటి తట్టి లేపుతుంది. పరుపులోంచి వచ్చే టిక్ టిక్‌ను అది గుండె చప్పుడే అనుకుందంటే, అంతా బాగానే ఉందని తానూ ఊరుకుంటుంది. గుండే ఊరుకుని, యంత్రమూ ఊరుకుంటే ఇక మనిషిని లేపేవారెవరు? నిన్న ఆయనకు కళ్లు తిరిగింది పరుపుకు ఒళ్లు అలవాటు పడక కాకపోవచ్చు. గుండె నాలుగు దెబ్బలు తప్పి కూడా కావచ్చు. ఆ తిరుగుడుకే భయపడొద్దని ఆమె స్వయంగా రాసి, అతికించి, పంపింది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఎన్నింటికి పడుకుంటానన్నారని అడిగింది. పదకొండుకట. ఆయన పదకొండంటే పదకొండే, టైపు మనిషి కదా అని ఆ అమ్మాయి నవ్వబోయి, ఇటు నుంచి నవ్వు రాకపోయేసరికి ఆగింది. ప్లీడరమ్మ విషయం రెండు ముక్కల్లో చెప్పింది.  ఆ అమ్మాయి ఊరికి ఆ చివర ఉంది, ఇంటికి రావాలంటే నలభై నిమిషాలు. సెంటర్ నుంచి పావుగంట. మామయ్యకు ఫోను చెయ్యమని ఆ అమ్మాయికి చెప్పి, నంబరు తీసుకుని ప్లీడరమ్మ తానూ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఫోను వేరే గదిలో పెట్టమని రాసింది ఎవరు? ఆయన చెప్పిన మాట వినే మనిషిలా ఉన్నాడు. అదే ఇప్పుడు ఆమెను చంపుతోంది.

డాక్టరు గారు లోపల ఒకాయన మెడనొప్పికి బరువులు కడుతున్నాడు. విషయం విని ముఖం మారిపోయింది. అంబులెన్సుకు తాను చెబుతానని, ఆమెను ముందు వెళ్లమని పంపేశాడు. పరుపు అరగంటకు దానంతటదే ఆగుతుంది. అంటే ఇంకా పద్దెనిమిది నిమిషాలు ఆయన దాని మీదే. ఆటో ఎక్కుతూనే ఆమె ఈ లెక్క వేసుకుంది, ఆ తరవాత దారంతా మరో లెక్క ఏదీ తలలోకి రాలేదు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే డ్రైవరు మీద అరిచింది. అతను, ఎర్రలైటు నేను పెట్టానామ్మా అన్నాడు. అతని మాటా నిజమే. ఇంతలో ఆ అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. వాచ్‌మన్ కూడా ఎత్తడం లేదట. తాళం చెవి గుమ్మం బయట చెప్పుల స్టాండులో, పాత బూటులో ఉందట. గుండె జబ్బు వచ్చాక లోపల గడియ పెట్టనని ఆయన చేత ఒట్టు వేయించుకుందట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అక్కా, మా ఆయనకు నేనేం చెప్పను అంది. 

పదకొండూ ఇరవై నాలుగుకు ఆటో ఆ అయిదంతస్తుల బిల్డింగు ముందు ఆగింది. వాచ్‌మన్ పైపు పట్టుకుని కార్లు కడుగుతున్నాడు, ఫోను ఎక్కడో గోడ మీద ఉంది. మాస్టారి ఫ్లాటు నాలుగో అంతస్తు. లిఫ్టు పైన ఎక్కడో ఉంది, మీట నొక్కినా కదలడం లేదు. తన కాలితో నాలుగు అంతస్తులు ఎక్కి, బూటులో చెయ్యి పెట్టి, తాళం తీసి... అంతసేపూ ఆ టిక్ టిక్ ఆగదు. అప్పుడు ఆమె కళ్లు మెట్ల కింద ఉన్న కరెంటు మీటర్ల మీద పడ్డాయి. ఫ్లాటుకు కరెంటు లేకపోతే పరుపుకూ ఉండదు.

మాస్టారి మీటరు ఏదని అడిగింది. వాచ్‌మన్ వచ్చి చూసి నసిగాడు. వరసగా ఇరవై మీటర్లు, వేసవిలో సున్నం కొట్టినప్పుడు నంబర్లన్నీ చెరిగిపోయాయి. అయితే మెయిన్ స్విచ్ దించెయ్యమంది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. సెక్రటరీ గారు చంపేస్తారన్నాడు, లిఫ్టులో ఎవరో ఉన్నారన్నాడు, అయినా మీరెవరన్నాడు. చివరి ప్రశ్న సబబైనదే. ఇంకోరోజయితే దానికి ఆమె గంటసేపు జవాబు చెప్పేది. ఇప్పుడు మాట్లాడకుండా అతన్ని పక్కకు నెట్టి, రెండు చేతులతో ఆ ఇనపమీట పట్టుకుని, ఒళ్లు బరువంతా వేసి కిందకి లాగింది. బిల్డింగంతా ఒక్కసారి చప్పబడిపోయింది. పైన లిఫ్టులో ఇరుక్కున్న మనిషి తలుపు బాదడం మొదలుపెట్టాడు. ఎత్తొద్దు, ఎత్తావంటే ఒక నిండు ప్రాణం పోతుందని వాచ్‌మన్‌కు చెప్పి ఆమె మెట్ల దారి పట్టింది.

ఉన్న లిఫ్టును తన చేత్తోనే ఆపేసుకుంది కాబట్టి ఇక ఆ కాలే గతి. ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి, కమ్మీ పట్టుకుని, రొప్పుతూ ఎక్కింది. రెండో అంతస్తు దాటాక కొత్త భయం పట్టుకుంది. ఇళ్లల్లో ఇన్వర్టర్లు ఉంటాయి. కరెంటు పోయినా అవి పనిచేస్తాయి. మాస్టారింట్లో ఉందో లేదో ఆమె అడగలేదు. అడగడమే పనిగా బతికిన మనిషి, అడగాల్సినవన్నీ వదిలేసి వచ్చింది. మూడో అంతస్తులో కాలు మెలిపడి మోకాలి మీద కూలబడింది. నొప్పి నెత్తికెక్కింది. లేచింది. ఏ దేవుడికి దండం పెట్టాలో కూడా తోచలేదు, కాబట్టి మెట్లకే దండం పెడుతున్నట్టు వంగి ఎక్కింది.

తలుపు తీసేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె అక్కడే నిలబడి చెవులు రిక్కించింది. టిక్ టిక్ లేదు. ముందు ప్రాణం లేచి వచ్చింది, మరుక్షణం ఆ నిశ్శబ్దమే ఆమెను భయపెట్టింది. వంటింటి గట్టు మీద ఫోను, దాని పక్కన వాచీ, ఖాళీ గ్లాసు ఒద్దికగా పెట్టి ఉన్నాయి. లోపలి గదిలో మంచం మీద పరుపు పరిచి, దాని మీద ఉతికిన దుప్పటి వేసి, మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ పక్కలకు తిన్నగా చాపి ఉన్నాయి. మొహం బూడిద రంగులో ఉంది, నుదుటి నిండా చెమట. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ ఆమెను చూడడం లేదు.

ఆమె మంచం పక్కన కూలబడి ఆయన మణికట్టు పట్టుకుంది. మెట్లెక్కిన ఆయాసంలో ఏదీ తెలియడం లేదు. వేళ్లు మార్చింది, గట్టిగా నొక్కింది. ఏమీ లేదు. ఇంకాస్త పైకి జరిపింది. ఒక దెబ్బ తగిలింది. తరవాత ఇంకొకటి. ఆ తరవాత వరసగా, కొలిచినట్టు, ఒకదాని వెనక ఒకటి. పరుపు నోరు మూసుకున్నాక పేస్‌మేకర్ మళ్లీ తన పని అందుకుంది. నూరు దాకా లెక్కపెట్టి గానీ ఆమె ఆ చెయ్యి వదల్లేదు. అప్పుడు పరుపును ఆయన కింద నుంచి మెల్లగా లాగి అవతల గదిలోకి విసిరికొట్టింది.

మాస్టారి కళ్లు కదిలాయి. ఆమెను గుర్తుపట్టలేదు, ఎప్పుడూ చూస్తేగా. కరెంటు పోయిందా అని అడిగాడు. పోయిందని చెప్పి, తాను పరుపు సెంటర్ మనిషినని చెప్పింది. ఆయన లేవబోయాడు. వద్దంది. తన వల్ల ఏదో పొరపాటు జరిగిందనుకున్నాడు పాపం, బడిపిల్లాడిలా సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"మీరు రాసినట్టే చేశానమ్మా. నీళ్లు తాగాను. ఫోను అక్కడ పెట్టాను. మధ్యలో రెండుసార్లు అంతా నల్లగా అయిపోయింది. లేచి కట్టేద్దామనిపించింది. భయపడొద్దని రాశారుగా, అందుకని అలాగే పడుకున్నాను."

ప్లీడరమ్మకు ఏడుపు ఆగలేదు. అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు పట్టుకుని వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకునే కూర్చుని ఏడ్చింది.

ఆసుపత్రిలో ఆయన ఛాతీ మీద ఒక పరికరం ఆనించి పేస్‌మేకర్‌లో దాచుకున్న లెక్కంతా బయటికి తీశారు. యంత్రానికి ఏమీ కాలేదు. ఆ ఇరవై ఆరు నిమిషాల్లో మాత్రం అది చాలాసార్లు మోసపోయి ఊరుకుంది. అన్నిటికంటే పెద్ద ఖాళీ అయిదు సెకన్లు. ఇంకాసేపు అలాగే ఉండి ఉంటే ఏమయ్యేదని అడిగితే గుండె డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఏమీ కాకపోయేదేమో, అసలు లేవకపోయేవాడేమో, తాను చెప్పలేనంది. రెండు రోజులు ఇక్కడే ఉంచి చూస్తామంది.

సాయంత్రానికి సెంటర్ డాక్టరు గారు వచ్చాడు. చేతిలో ఫైలు. ప్లీడరమ్మను వరండా చివరకు తీసుకెళ్లి మంగళవారం నాటి కాగితం చూపించాడు. పద్నాలుగు ప్రశ్నలు, పద్నాలుగు లేదులు, కింద సంతకం. పరుపు రోగికి తప్ప వేరేవాళ్లకు వాడకూడదని అడుగున సన్నటి అక్షరాల్లో అచ్చయి కూడా ఉంది. మనవైపు నుంచి ఏ తప్పూ లేదమ్మా, ఎవరైనా అడిగితే ఈ కాగితం చాలు అన్నాడు. ఆమె మీద దయతోనే అన్నాడు. ఆమె ఆ కాగితాన్ని తిరిగి అతని చేతికే ఇచ్చేసింది.

డ్రైవింగ్ స్కూలు అమ్మాయి ఐసీయూ బయట బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. కళ్లు వాచిపోయాయి. ప్లీడరమ్మ వెళ్లి పక్కన కూర్చోగానే ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ తప్పేం లేదక్కా. మీరు పేస్‌మేకర్ మాట అడిగారు, మొదటి ప్రశ్నే అదట, మీ డాక్టరు గారు చూపించారు. నా చేతులతో నేనే ఆయన్ని చంపుకునేదాన్ని."

ప్లీడరమ్మకు దారి తెరిచే ఉంది. ఊఁ అంటే చాలు. పద్దెనిమిదేళ్ల పేరు చెక్కుచెదరదు, ఉద్యోగం నిలుస్తుంది, కాగితం సాక్ష్యం చెబుతుంది. ఆ పిల్ల మాత్రం మామగారి మొహం చూసినప్పుడల్లా బతికినన్నాళ్లూ ఇదే మాట అనుకుంటుంది. ప్లీడరమ్మ తన చేతిని మెల్లగా విడిపించుకుంది.

"నేను అడగలేదమ్మా. చదివానంతే. నువ్వు వినడం లేదని నాకు కనిపిస్తూనే ఉంది, అయినా చదువుకుంటూ పోయాను. ఇంట్లో ఇంకెవరున్నారో నువ్వు చెప్పావు, ఆయన సంగతేమిటని నేను అడగలేదు. కళ్లు తిరిగినా లేవొద్దని ఆయనకు చెప్పింది నేనే."

ఆ అమ్మాయి ఏడుపు ఆగిపోయింది.  తరవాత కోపం వచ్చింది. ముందు మెల్లగా, అలా అలా పెద్దదై, వరండాలో నర్సులు తిరిగి చూసేటంత గట్టిగా ఆ పిల్ల తిట్టడం మొదలుపెట్టింది. సెంటర్ డాక్టరు గారు ఫైలు పట్టుకుని పరుగున రాబోయాడు. ప్లీడరమ్మ అక్కడి నుంచే చెయ్యెత్తి అతన్ని ఆపింది. ఆ అమ్మాయి తిట్టినంతసేపూ ఆమె బెంచీ మీంచి లేవలేదు, ఒక్క మాటకూ జవాబు చెప్పలేదు.